కాగితం అడిగింది, నువ్వు అడగలేదు

ఈ ఏటి సంచికకు ఏదైనా రాసిమ్మని మన యూనియన్ కార్యదర్శి అడిగితే, "నాకు కవిత్వం రాదు, కథా రాదు" అన్నాను. "నీకు వచ్చిందే రాయవోయ్" అన్నాడు. నాకు వచ్చినవి రెండే. ఒకటి, తరగతిలో చదువుకుంటున్న జంతుశాస్త్రం. రెండోది, ఏడాదిన్నరగా సాయంత్రం పూట టౌన్లో ఒక వ్యాయామశాలలో చేస్తున్న చిన్న ఉద్యోగం. మాది మిరప పండించే కుటుంబం. సొంతం మూడెకరాలు, కౌలు రెండెకరాలు. ధర బాగున్న ఏడు హాస్టలు ఖర్చు ఇంటినుంచి వస్తుంది. బాగాలేని ఏడు నేనే చూసుకోవాలి. అందుకని ఆ ఉద్యోగం.

కొత్తగా చేరినవాళ్లను మొదటి నెల దగ్గరుండి చేయించడం అక్కడ నా పని. పర్సనల్ ట్రైనింగ్ అని దానికి పేరు. కండలు పెంచడం గురించి చెప్పగలవాళ్లు మన కాలేజీలోనే చాలామంది ఉన్నారు గనుక ఆ జోలికి పోను. బరువు చేతికిచ్చే ముందు జరగవలసిన అరగంట గురించి మాత్రం నాలుగు మాటలు రాస్తాను. ఆ అరగంటలో రెండు పనులుంటాయి. ఎదుటి మనిషి ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోవడం మొదటిది. ఆ మనిషితో మాట కలపడం రెండోది. ఇవి వేరువేరు పనులని నేను చాలాకాలం అనుకున్నాను. అలా అనుకున్నందువల్ల ఒకాయన ప్రాణం మీదికి వచ్చింది. ముందు ఆ సంగతి చెబుతాను.

జరిగిన విషయం

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం, బజారులో కొట్టు నడుపుకునే ఒకాయన వచ్చి చేరాడు. నలభై ఎనిమిదేళ్లుంటాయి. "మాఘమాసంలో అమ్మాయి పెళ్లి. ఈలోగా ఈ పొట్ట కాస్త తగ్గించాలి అబ్బాయ్" అన్నాడు. నేను కౌంటరు మీదున్న ఫారం ఇచ్చాను. అది ఇంగ్లీషులో ఉంది. ఆయన వెనక ఇద్దరు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు, వాళ్లలో ఒకడు ఎందుకో నవ్వుతున్నాడు. నేను తొందరలో ఉండి, "ఏం ప్రాబ్లమ్స్ లేవు కదండీ?" అన్నాను. "ఏం లేవు, ఏం లేవు" అంటూ ఆయన అన్నింటికీ "లేదు" దగ్గర గీతలు కొట్టి సంతకం పెట్టేశాడు.

కాళ్లతో బరువు నెట్టే యంత్రం మీద కూర్చోబెట్టాను. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని హుషారు చేశాను. ఆయన ఊపిరి బిగపట్టి నెట్టాడు. తొమ్మిదోసారి దించి లేచేసరికి మొహం తెల్లబోయింది. చెమటలు. "కళ్లు కనబడట్లేదు" అంటూ నేల మీద కూర్చుండిపోయాడు. మాలో ఒక్కడికి కూడా 108కి ఫోను చెయ్యాలని తోచలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. రక్తపోటు చాలా ఎక్కువగా ఉందని ఆ రాత్రికి ఉంచేసుకున్నారు. అప్పుడు తెలిసింది, ఆయన నాలుగేళ్లుగా బీపీ మాత్రలు వాడుతున్నాడు. జిమ్‌లో చేరుతున్నాను కదా, ఇక మాత్రలెందుకని పది రోజుల క్రితం మానేశాడు. కొన్ని రకాల బీపీ మందులు ఒక్కసారిగా ఆపేస్తే రక్తపోటు ఎదురు తిరిగి పెరుగుతుందన్న సంగతి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మర్నాడు బత్తాయిలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన కోప్పడలేదు. నేనే ఉండబట్టలేక, "ఫారంలో బీపీ లేదని రాశారు కదా బాబాయిగారూ" అన్నాను. ఆయన కాసేపు నావైపు చూసి, "కాగితం అడిగింది అబ్బాయ్. నువ్వు అడగలేదు" అన్నాడు.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకు నేను వెతుక్కున్న జవాబు.

సంతలో మా నాన్న

ఇప్పుడు మాకు దుక్కికి ట్రాక్టరు కిరాయికి వస్తుంది గాని, నా చిన్నప్పుడు ఒక జత ఎద్దులుండేవి. వాటిని కొనడానికి నాన్నతో సంతకు వెళ్లడం నాకు బాగా గుర్తు. నాన్న నేరుగా ఎద్దు నోరు తెరిచేవాడు కాదు. ముందు అల్లంత దూరంలో నిలబడి చూసేవాడు. తర్వాత పక్కకు వచ్చి మూపు మీద చెయ్యి వేసేవాడు. గంగడోలు నిమిరేవాడు. అది చెవులు దించి నెమ్మదించాక అప్పుడు పళ్లు పట్టి వయసు చూసేవాడు. గిట్టలు ఎత్తి చూసేవాడు. నాలుగడుగులు నడిపించి చూసేవాడు. కాడి కింద పడుకుంటుందా, ఎండకు రొప్పుతుందా అని అమ్మేవాణ్ని అడిగేవాడు. "గంగడోలు నిమరకుండా నోట్లో చెయ్యి పెడితే కొమ్ము విసురుద్దిరా" అనేవాడు.

కాడి కట్టే ముందు ఎద్దుకే ఇంత పరీక్ష ఉంటే, మనిషి భుజాన బరువు పెట్టే ముందు నేను చేసిందేమిటి? ఒక కాగితం ఇచ్చాను. పైగా గంగడోలు నిమరకుండానే నోరు తెరవమన్నాను.

బరువెత్తితే లోపల ఏమవుతుంది?

భయపెట్టడానికి కాదు గాని, పరీక్ష ఎందుకో తెలియాలంటే ఈ సంగతి తెలియాలి. బరువు నెట్టేటప్పుడు కండరాలు బిగిసి, వాటిలోని రక్తనాళాలను నొక్కేస్తాయి. దానికి తోడు ఊపిరి బిగపడితే ఛాతీ లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఇటలీ దేశపు శరీర శాస్త్రవేత్త వాల్సాల్వా పేరు మీద దీన్ని వాల్సాల్వా ప్రక్రియ అంటారు. ఈ రెండూ కలిస్తే రక్తపోటు ఎంతవరకు పోతుంది? 1985లో కెనడాలో మెక్‌డూగల్ బృందం బాడీబిల్డర్ల ధమనిలోకే గొట్టం పెట్టి కొలిచింది. రెండు కాళ్లతో బరువు నెట్టేటప్పుడు సగటు 320/250 దాకా వెళ్లింది. ఒకరిలో 480/350 కూడా దాటింది. వాళ్లు ఆరోగ్యవంతులు, అలవాటున్నవాళ్లు. దించగానే రక్తపోటు దిగిపోయింది. అలవాటు లేని, మాత్రలు మానేసిన మనిషి సంగతి వేరు. బాబాయిగారిని నేను కూర్చోబెట్టింది సరిగ్గా అలాంటి యంత్రం మీదే. లేచేటప్పుడు కళ్లు చీకట్లు కమ్మడానికి కారణం దీనికి వ్యతిరేక దిశలో ఉంటుంది. బిగపట్టిన ఊపిరి వదిలి, చటుక్కున లేస్తే రక్తం కాళ్లలో నిలిచిపోయి మెదడుకు ఒక్క క్షణం తక్కువ అందుతుంది.

ఇంకొక అధ్యయనం 1993లో అమెరికాలో మిటిల్‌మన్ బృందం చేసింది. గుండెపోటు వచ్చినవాళ్లను అడిగి చూస్తే, తీవ్రమైన శ్రమ చేసిన గంటలోపల ఆ ప్రమాదం మామూలు సమయం కంటే పెరుగుతోందని తేలింది. ఇందులో గమనించవలసింది ఏమిటంటే, వారానికి ఒక్కసారి కూడా గట్టిగా శ్రమపడని వాళ్లలో అది 100 రెట్లకు పైగా పెరిగితే, వారానికి 5 సార్లో అంతకంటే ఎక్కువో శ్రమపడేవాళ్లలో పెరిగింది రెండున్నర రెట్లలోపే. విడిగా ఒక్కొక్క గంటలో ఒక్కొక్క మనిషికి ఉండే ప్రమాదం చాలా చిన్నదే. కాని దీని సారాంశం స్పష్టం. ప్రమాదం వ్యాయామంలో లేదు, అలవాటు లేనివాణ్ని ఒక్కసారిగా దూకించడంలో ఉంది.

వ్యాయామం మంచిదనడానికి మరీ పాత సాక్ష్యం లండన్ బస్సులది. 1953లో డాక్టర్ జెరెమీ మారిస్ తన సహచరులతో కలిసి, రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని చూపించాడు. కాబట్టి "జిమ్‌కు వెళ్తే గుండె ఆగిపోతుందట" అనే మాటా నిజం కాదు, "ఏమీ కాదులే" అనే మాటా నిజం కాదు.

మన దేశం లెక్క కూడా ఒకటి చెప్పాలి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి 11 మందికి మించి మధుమేహం, నూటికి 35 మందికి అధిక రక్తపోటు ఉన్నాయి. అంటే నా దగ్గరికి వచ్చే ప్రతి ముగ్గురు పెద్దవాళ్లలో ఒకరికి బీపీ ఉండవచ్చునని అనుకునే నేను మొదలుపెట్టాలి. చాలామందికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

ఏడు ప్రశ్నలు

కౌంటరు మీదున్న ఆ ఫారానికి ఒక చరిత్ర ఉంది. 1970ల్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ఆరోగ్య శాఖ దీన్ని తయారు చేయించింది. పార్-క్యూ అని పేరు. తర్వాత సవరించి పార్-క్యూ ప్లస్ అన్నారు. మొదటి పేజీలో ఏడు ప్రశ్నలు. ప్రశ్నలు మంచివే. అడిగే తీరులోనే ఉంది చిక్కంతా. నేను వాటిని తెలుగులోకి మార్చుకుని, మనవాళ్లు ఎలా జవాబు చెబుతారో పక్కన రాసుకుంటూ వచ్చాను.

1. గుండెజబ్బు గాని, అధిక రక్తపోటు గాని ఉందని ఏ డాక్టరైనా ఎప్పుడైనా చెప్పారా? దీనికి తరచుగా వచ్చే జవాబు: "ఉండేది. ఇప్పుడు లేదు." అంటే మాత్రలతో అదుపులో ఉందని అర్థం. లేనట్టు కాదు.

2. ఊరికే ఉన్నప్పుడు గాని, పని చేస్తున్నప్పుడు గాని ఛాతీలో నొప్పి వస్తుందా? "నొప్పి" అంటే లేదంటారు. బరువుగా ఉంటుందా, పట్టేసినట్టు ఉంటుందా, మంటగా ఉండి చేతికో దవడకో పాకుతుందా, నడిస్తే వచ్చి ఆగితే పోతుందా అని అడగాలి. మనవాళ్ల నోట గుండె బాధకు మారుపేరు "గ్యాస్".

3. ఈ 12 నెలల్లో కళ్లు తిరిగి తూలడం, స్పృహ తప్పడం జరిగిందా? "ఎండకు అలా అయింది" అంటారు. ఎండకే కావచ్చు. ఎక్కడ, ఏం చేస్తుండగా అని మరో ప్రశ్న వెయ్యాలి.

4. ఇంకేదైనా దీర్ఘవ్యాధి ఉందా? షుగరు, ఉబ్బసం, థైరాయిడ్, కిడ్నీ అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడిగితేనే గుర్తొస్తాయి.

5. రోజూ ఏవైనా మందులు వాడుతున్నారా? అన్నింటికంటే ఉపయోగపడిన ప్రశ్న ఇదే. పేర్లు గుర్తుండవు గనుక "రేపు వచ్చేటప్పుడు ఆ మాత్రల అట్ట పట్టుకురండి" అంటాను. అటెనోలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు నాడిని పెరగనివ్వవు. అలాంటివారికి నాడి లెక్క పెట్టి వ్యాయామం చేయిస్తే మోసపోతాం. ఇన్సులిన్, ఇంకా కొన్ని షుగరు మాత్రలు వాడేవారికి వ్యాయామంలో చక్కెర పడిపోవచ్చు. 70 కంటే తగ్గితే వణుకు, చెమట, తికమక వస్తాయి. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి. అందుకని మా కౌంటరు సొరుగులో ఇప్పుడు ఒక పంచదార డబ్బా ఉంటుంది.

6. ఈ ఏడాదిలో ఎముక, కీలు, నడుము బాధ ఏదైనా వచ్చి, వ్యాయామంతో ఎక్కువయ్యేలా ఉందా? ఇది మాత్రం అడగకుండానే చెబుతారు. మోకాళ్ల నొప్పి చెప్పుకోవడంలో మనవాళ్లకు సిగ్గు లేదు.

7. డాక్టరు పర్యవేక్షణలో తప్ప శ్రమ చేయవద్దని ఎవరైనా చెప్పారా?

వీటికి నేను మరికొన్ని కలుపుకున్నాను. ఈ మధ్య ఆపరేషన్ అయిందా? ఈరోజు జ్వరం ఉందా? రాత్రి నిద్ర పట్టిందా? తిని ఎంతసేపయింది? ఆడవాళ్లయితే గర్భం సంగతి ఆడ ట్రైనరు చేత అడిగిస్తాం. గర్భిణి వ్యాయామం చేయకూడదని కాదు, ఆమె డాక్టరు మాట ముందు తీసుకోవాలి.

జవాబులు వచ్చాక

ఒక్క "అవును" వచ్చిందని మనిషిని వెనక్కి పంపెయ్యడం కూడా తప్పే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2015లో తన పద్ధతి మార్చుకోవడానికి ఒక కారణం ఇదే. పాత పద్ధతిలో అవసరం లేనివాళ్లు కూడా డాక్టర్ల చుట్టూ తిరిగి, విసుగుపుట్టి వ్యాయామమే మానేసేలా ఉండేది. కొత్త పద్ధతిలో చూసేవి మూడు. ఇప్పటికే వారానికి 3 రోజులు, రోజుకు అరగంట చొప్పున మూడు నెలలుగా శ్రమ చేస్తున్నాడా? గుండె, మధుమేహం, కిడ్నీ జబ్బులు గాని వాటి లక్షణాలు గాని ఉన్నాయా? ఎంత తీవ్రమైన వ్యాయామం కోరుతున్నాడు?

దీని ఫలితం తేలిక మాటల్లో ఇలా ఉంటుంది. జబ్బూ లక్షణాలూ లేని కొత్తవాడు తేలికపాటి శ్రమతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవచ్చు. జబ్బు ఉండి శ్రమ అలవాటు లేనివాడు డాక్టరు అనుమతి తెచ్చుకుని మొదలుపెట్టాలి. జబ్బు ఉన్నా లక్షణాలు లేకుండా ఇప్పటికే అలవాటున్నవాడు మధ్యస్థంగా చేసుకోవచ్చు, తీవ్రంగా చేసే ముందు డాక్టరును అడగాలి. లక్షణాలు కనబడితే మాత్రం, ఎంత అలవాటున్నా సరే, ఆపి డాక్టరు దగ్గరికి. ఇంకొక మాట. మనం డాక్టర్లం కాము. జబ్బుకు పేరు పెట్టడం మన పని కాదు. ఎవరిని పంపాలో తెలుసుకోవడం వరకే మన పని.

కొలతలు

మాట తర్వాత కొలత. రష్యా వైద్యుడు కొరోట్కోవ్ 1905లో స్టెతస్కోపుతో రక్తపోటు వినే పద్ధతి చెప్పాడు. ఇప్పుడు బటన్ నొక్కితే అంకె చూపించే యంత్రాలు వచ్చాయి. యంత్రం ఏదైనా పద్ధతి తప్పితే అంకె తప్పుతుంది. మనిషి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు ఆనుకోవాలి, పాదాలు నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. అంతకు అరగంట ముందునుంచి టీ, సిగరెట్టు ఉండకూడదు. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. రెండుసార్లు కొలిచి సగటు రాసుకోవాలి. 140/90 వస్తే మరో రోజు మళ్లీ చూసి, అలాగే ఉంటే డాక్టరుకు చూపించుకోమనాలి. 180/110 దాటితే ఆరోజు బరువుల ఊసే వద్దు.

నడుము కొలత కూడా తీసుకుంటాను. మన దేశస్థులకు మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. కాని ఈ కొలత నలుగురిలో తీస్తే మనిషి మళ్లీ రాడు.

ఇక వ్యాయామ తీవ్రత. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ నాడి వేగం అనే సూత్రం అందరికీ తెలిసిందే. 48 ఏళ్లవారికి 172. అది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. మనిషికీ మనిషికీ పదేసి, పదిహేనేసి తేడా రావచ్చు. పైన చెప్పిన మందులు వాడేవారికి అసలు పనికిరాదు. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 6 నుంచి 20 దాకా అంకెలతో ఒక కొలబద్ద చేశాడు. ఎంత కష్టంగా ఉందో చేసేవాడే చెబుతాడు. 13 అంటే "కొంచెం కష్టం". కొత్తవారికి అక్కడే ఆగాలి. అంతకంటే సులువైనది మాట పరీక్ష. నడుస్తూ మాట్లాడగలిగితే సరి. మాట తెగుతుంటే ఎక్కువైనట్టు.

మాట కలపడం

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పై ప్రశ్నలు, కొలతలు ఎవరైనా బట్టీ పట్టవచ్చు. వాటికి నిజమైన జవాబు రావాలంటే ఎదుటి మనిషికి మనమీద నమ్మకం కుదరాలి. విలియం మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తాగుడు మాన్పించే చికిత్సలో తనకు తెలిసిన మెళకువలను 1983లో ఒక వ్యాసంగా రాశాడు. తర్వాత 1991లో రోల్‌నిక్‌తో కలిసి పుస్తకం చేశాడు. అందులో చెప్పినవి నాలుగు పనులు. అవును, కాదు అని తేలిపోని ప్రశ్న వెయ్యడం. మనిషిలోని మంచి ప్రయత్నాన్ని గుర్తించి చెప్పడం. విన్నదాన్ని తిరిగి మన మాటల్లో చెప్పి సరేనా అని అడగడం. చివర అంతా కూర్చి ఒక్కసారి చెప్పడం. చదివినప్పుడు ఇంతేనా అనిపించింది. చేసి చూస్తే తెలిసింది, నేను ఏడాదిపాటు ఇందులో ఒక్కటీ చెయ్యలేదని.

"ఏం ప్రాబ్లమ్స్ లేవు కదండీ?" అనే ప్రశ్నలోనే జవాబు ఉంది. "లేవు" అనకపోతే మర్యాద తప్పినట్టు. ఇప్పుడు నేను, "ఒక మామూలు రోజు మీకు పొద్దున్నుంచి రాత్రిదాకా ఎలా గడుస్తుందో చెప్పండి" అని మొదలుపెడతాను. ఆ కథలోనే మాత్రలు వస్తాయి, నిద్ర పట్టకపోవడం వస్తుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది.

కూర్చునే చోటు కూడా ముఖ్యమే. కౌంటరుకు అటూ ఇటూ కాకుండా ఒక మూల రెండు కుర్చీలు పక్కపక్కన వేశాం. రాసిన కాగితం ఫైల్లో పెట్టి సొరుగులో వేస్తాం. ఒకరి బీపీ సంగతి ఇంకొకరికి తెలిసిందంటే ఆ వీధి వీధంతా మన దగ్గరికి రావడం మానేస్తుంది.

పిలుపు సంగతి నాకు దెబ్బ తగిలి తెలిసింది. ఒకావిడను అలవాటుగా "ఆంటీ" అన్నాను. ఆవిడకు ముప్ఫై అయిదేళ్లకు మించి ఉండవు. రెండోరోజు నుంచి రాలేదు. ఇప్పుడు మొదటే, "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడుగుతున్నాను. కొందరు అక్కా అనమంటారు, కొందరు మేడమ్ అనమంటారు, మన హైస్కూలు మాస్టారు ఒకాయన "మాస్టారూ అంటే చాలు" అన్నాడు. భంగిమ సరిదిద్దడానికి చెయ్యి వేసేముందు కూడా అడగాలి. వీలైనంతవరకు చేసి చూపిస్తే సరిపోతుంది.

ఎందుకొచ్చారన్న ప్రశ్నకు అందరూ "బరువు తగ్గాలి" అంటారు. అది పైపైన చెప్పే మాట. "తగ్గితే ఏ పని చేయగలుగుతారు?" అని అడిగితే అసలు కోరిక బయటికి వస్తుంది. ఒకావిడ, "మనవణ్ని ఎత్తుకుని డాబా మీదికెక్కాలి నాయనా" అంది. ఆ రోజునుంచి ఆవిడ వ్యాయామం కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మెట్లు, చేతిలో చిన్న బరువు. ఎందుకు చేస్తోందో ఆవిడకు తెలుసు గనుక మానలేదు.

మాట కలపడమంటే అన్నింటికీ తలూపడం కాదు. మన కాలేజీ వాడే ఒకడు, నా స్నేహితుడు, మొదటిరోజే వంద కిలోలు ఎత్తుతానన్నాడు. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు విభాగాలూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది నిజమే. చిన్నతనం నుంచి ఏళ్ల తరబడి చేసిన సాధన ఆ రోజు వేదిక మీద కనబడింది. "ఈరోజు ఖాళీ కడ్డీతో చెయ్యరా, వచ్చే నెల చూద్దాం" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు వచ్చాడు. కాదనవలసినప్పుడు కాదన్నవాణ్ని మనుషులు ఎక్కువ నమ్ముతారని నా అనుభవం.

సంక్రాంతి సెలవుల్లో

ఇంత నేర్చుకున్నాననుకుని సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి నాన్నను ఏడు ప్రశ్నలూ అడిగాను. చేతిలో కాగితం, కలం. అమ్మ నవ్వుతోంది. పక్కింటి బాబాయి కూడా ఉన్నాడు. నాన్న ఏడింటికీ "లేదురా" అన్నాడు. నేను ఏడు గీతలు కొట్టుకుని సంతోషించాను.

మర్నాడు పొద్దున్నే చేనికి వెళ్లాం. నల్ల తామర పురుగుకు మందు కొట్టాలి. పదహారు లీటర్ల డబ్బా వీపున వేసుకుని నాన్న ముందు నడుస్తున్నాడు. కాలవ గట్టు ఎక్కుతూ సగంలో ఆగాడు. డబ్బా దించాడు. ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని, "పాడు గ్యాసు" అన్నాడు. నా గుండె జారిపోయింది. కాని ఏమీ అడగలేదు. డబ్బా నా పక్కకు జరుపుకుని గట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను. కాసేపు ఇద్దరం చేను చూస్తూ ఉన్నాం. ఆయన ఊపిరి సర్దుకుంది.

"ఎప్పట్నుంచి నాన్నా?" అన్నాను.

"దసరా కాడ్నుంచి. ఎక్కేటప్పుడు వత్తది, కూసుంటే పోద్ది."

"అమ్మకు చెప్పలేదా?"

"కోతలయ్యాక సెబుదామనుకున్నా. కూలి రేట్లు చూశావుగా. నీకు పరీక్షలు కూడా ఉండాయి."

ఆ రోజు మందు కొట్టలేదు. మధ్యాహ్నం బస్సుకే టౌనుకు తీసుకెళ్లాను. రక్తపోటు 168/100. ఈసీజీ, మరికొన్ని పరీక్షలు చేసి, గుండె కండరానికి రక్తం తక్కువగా అందుతోందని డాక్టరు చెప్పారు. మందులు రాశారు. డబ్బా మొయ్యొద్దన్నారు. "ఇంకా ఆలస్యం చేసి ఉంటే?" అని నేను అడగబోయి ఆగిపోయాను. నాన్న పక్కనే ఉన్నాడు.

ఇప్పుడు మందు కొట్టడానికి మనిషిని పెట్టుకున్నాం. ఖర్చు పెరిగింది. నాన్న పొద్దున పూట గట్టు మీద డాక్టరు చెప్పినంతసేపు నడుస్తున్నాడు. నేను ఫోను చేసినప్పుడు నడుస్తూనే మాట్లాడతాడు. మాట తెగుతుందేమోనని నేను వింటూ ఉంటాను. ఆ సంగతి ఆయనకు తెలుసు. కావాలని ఎక్కువ మాట్లాడతాడు.

కొట్టు బాబాయిగారు రెండు నెలల తర్వాత డాక్టరు ఉత్తరం పట్టుకుని తిరిగి వచ్చాడు. మాఘమాసంలో అమ్మాయి పెళ్లికి నన్నూ పిలిచాడు. పొట్ట పెద్దగా తగ్గలేదు. మాత్రలు మాత్రం మానలేదు. ఫారం మళ్లీ నింపేటప్పుడు ఆయనే, "ఇవాళ నువ్వడుగు, నేను చెబుతా" అన్నాడు.

చివరిగా ఒక మనవి

మన కళాశాల వ్యాయామశాలకు ఏటా జూన్, జూలైలలో కొత్త విద్యార్థులు వస్తారు. అధ్యాపకులూ కొందరు సాయంత్రాలు వస్తున్నారు. విద్యార్థి సంఘానికి నా మనవి నాలుగు మాటలు. ఒకటి, పైన చెప్పిన ఏడు ప్రశ్నలతో తెలుగులో ఒక ఫారం అచ్చు వేయించండి. రెండు, ఒక రక్తపోటు యంత్రం కొనండి. మన వార్షికోత్సవం రోజు పూలదండలకయ్యే ఖర్చుతో అది వస్తుంది. మూడు, గోడ మీద 108 అంకె పెద్దగా రాయించి, గుండె ఆగినప్పుడు ఛాతీ మీద నొక్కే పద్ధతి ఏటా కొందరికైనా నేర్పించండి. నాలుగు, ఒక మూల రెండు కుర్చీలు వేయండి.

మిత్రులారా, నాలుగోదానికే ఖర్చు లేదు. అయినా ముందుగా మరిచిపోయేది అదే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ నాన్నగారి పక్కన ఒక పావుగంట కూర్చోండి. కాగితం తీసుకెళ్లకండి.

– బి.యస్సి. ఆఖరి సంవత్సరం, జంతుశాస్త్ర విభాగం